మిద్దె మీదికి చేరిన పెరడు

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి గుట్టలతో, బండరాళ్లతో, పలుచని ఎర్రమట్టితో ఉన్న మాదాపూర్, గచ్చిబౌలి పరిసరాలలో ఇప్పుడు ఇంటి వెనుక పాదు తవ్వుకునేంత జాగా మిగిలిన ఇళ్లు అరుదు కాబట్టి, బీర పందిరీ మల్లె పొదా ఉండే పెరడు అక్కడ మిద్దె మీదికీ బాల్కనీలోకీ చేరింది. హైదరాబాద్ నగరానికి తూర్పున నారపల్లిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటిపై సాగు చేసి, ఆ అనుభవాన్ని రచనల ద్వారా పంచడంతో ‘మిద్దెతోట’ తెలుగు కుటుంబాలకు పరిచితమైన మాటైంది.

మిద్దెతోటలో విత్తనం కన్నా ముందు ఆలోచించవలసింది బరువు. మనుషులు తిరిగే మిద్దెను, దాని సొంత బరువు కాక, చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారం మోసేలా కట్టాలన్నది భారత ప్రమాణం కాగా, అడుగు లోతున పరచిన తడి మట్టి అదే స్థలంలో 500 కిలోల దాకా తూగుతుంది. అందుకే మట్టిలో కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు ధారాళంగా కలిపి తేలిక చేయడం, పెద్ద మడులను స్లాబు నడుమ కాక పిల్లర్లు, బీములు ఉన్న చోట పెట్టడం, కింద ఇటుకలు పేర్చి నీరు నిలవకుండా చూడడం తప్పనిసరి; పాత ఇళ్లకైతే ఇంజనీరు సలహా లేకుండా మడులు కట్టడం ప్రమాదకరం.

తరువాతిది వెలుతురు. టమాట, వంగ, మిరప వంటి కాయ మొక్కలకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి గాని, పాలకూర, పుదీనా మూడు నాలుగు గంటల ఎండతోనూ సరిపెట్టుకుంటాయి. అయితే రాత్రంతా దీపాలు వెలిగే ఐటీ కారిడార్‌లో ఎండతో పాటు చీకటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చామంతి, నాటు చిక్కుడు రాత్రులు పొడవైనప్పుడే పూతకు వచ్చే మొక్కలు, అంటే శాస్త్ర పరిభాషలో హ్రస్వదిన మొక్కలు. వీధిదీపపు కాంతి నేరుగా పడితే వాటికి రాత్రి పొట్టిదైనట్టే కనుక, ఎన్ని ఎరువులు వేసినా ఆకు పెరుగుతుందే తప్ప పూత ఆలస్యమవుతుంది. ఇలాంటి చోట కుండీని గోడ చాటుకు జరపడమే సరైన వైద్యం.

ఎత్తైన అంతస్తులకు తేనెటీగలు తక్కువగా వస్తే సొర, బీర పిందెలు ఎండి రాలుతాయి. పూత విచ్చుకునే సాయంత్రం వేళ మగపువ్వు పుప్పొడిని, అడుగున చిన్న పిందె ఉండే ఆడపువ్వు కీలాగ్రానికి తాకిస్తే కాయ నిలుస్తుంది. నలభై డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో సగం ఎండను ఆపే నీడవల కట్టి, ఎండకు ఓర్చే గోంగూర, తోటకూర వేసుకోవడం మేలు.

వాన మొదలయ్యాక బంతికి చోటు కేటాయించడం అన్నిటికన్నా లాభసాటి, ఎందుకంటే దాని వేళ్లు మట్టిలోని నులిపురుగులను అణచగా, పూలు తేనెటీగలను రప్పిస్తాయి. జూలైలో నారు నాటి, మొక్క కుదురుకున్నాక కొన చిగురు తుంచితే పక్క కొమ్మలు వేసి, బతుకమ్మ నాటికి తాంబాలం నింపేన్ని పూలిస్తుంది.