యంత్రమునకు ధారణ చాలనప్పుడు

అవధానసభ చూచినవారికి ధారణ యన నేమో వేరుగా చెప్పనక్కరలేదు. ఎనమండుగురు పృచ్ఛకులు ఎనిమిది విధములుగా ప్రశ్నింతురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు దత్తపది నిత్తురు. ఒకరు అక్షరమక్షరమునకు నిషేధము పెట్టుదురు. మరియొకరు అప్రస్తుత ప్రసంగముతో దారి తప్పింపజూతురు. అవధాని కాగితము తాకక వీనినన్నిటిని మనస్సున నిలుపుకొని, తుదకు పద్యములను వరుసగా అప్పగించును. పాండిత్యమెంత యున్నను ధారణ చాలనిచో సభ నడువదు. నేటి యిండ్లలో పిల్లలు ఆటలాడు ల్యాప్‌టాపునకును ఇదియే పరిస్థితి. దానికి ప్రాసెసరు పాండిత్యము, ర్యామ్ ధారణ. ఆ ధారణను పెంపవలసివచ్చినప్పుడు ఏది కొనవలెను, ఎంత కొనవలెను, అసలు కొనవలెనా యనునది నేటి విషయము.

హైదరాబాదు ఆగ్నేయదెస ఎల్.బి. నగరు దాటినపిమ్మట వచ్చు నాదర్‌గుల్‌లో ఎం.వి.యస్.ఆర్. ఇంజనీరింగు కళాశాల 1981 నుండి నడచుచున్నది. ఇట్టి కళాశాలలున్న చోట ఇంటికొక ల్యాప్‌టాపు ఉండుట వింత కాదు. పగలు పాఠములకు, ప్రాజెక్టులకు, రాత్రి ఆటలకు అదే యంత్రము. రెండేండ్లు గడచుసరికి, ఆట నడుమ బొమ్మ బిగుసుకొనిపోవుచున్నదనియు, క్రొత్త యంత్రము కావలెననియు పిల్లవాడనును. కొని రెండేండ్లైనను కాలేదే యని తండ్రి యనును. ఈ రెండు మాటలకు నడుమ ఒక మార్గము కలదు. యంత్రము మార్చక ర్యామ్ మాత్రము పెంచుట. కాని అంగటిలో కనబడు పెద్ద సంఖ్యలను చూచి కొన్నచో డబ్బు పోవును, ఆట మాత్రము మెరుగుపడదు.

మొదట ర్యామ్ పని యేమో చూతము. ల్యాప్‌టాపులో ఆటలు, పాఠములు, చిత్రములు శాశ్వతముగా నిలిచియుండు చోటు ఎస్.ఎస్.డి. అది గ్రంథాలయము వంటిది. ఆట మొదలుపెట్టగానే అప్పటికి కావలసిన భాగములు అక్కడినుండి ర్యామ్‌లోనికి వచ్చును. ప్రాసెసరు వానిని ర్యామ్ నుండియే అందుకొనును. ర్యామ్ నిండినచో యంత్రము కొంత సామగ్రిని మరల ఎస్.ఎస్.డి.లోనికి నెట్టి, అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకొనవలెను. ఎస్.ఎస్.డి. ఎంత వేగము కలదైనను ర్యామ్‌తో పోల్చినచో వందల రెట్లు ఆలస్యముగా బదులిచ్చును. బొమ్మ తటాలున బిగుసుకొనుటకు ముఖ్యకారణములలో ఇది యొకటి. అవధాని ప్రతి పాదమునకు లేచి గ్రంథాలయమునకు పోయివచ్చినచో సభ యేమగునో యూహించుకొనుడు.

ఈ ధారణ నిర్మాణము చిత్రమైనది. ఒక ట్రాన్సిస్టరు, దానికి తోడుగా విద్యుత్తును నింపుకొను ఒక చిన్న కెపాసిటరు. ఈ రెండును కలిసి ఒక గది. ఈ పద్ధతికి ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంటు పొందెను. 1970లో ఇంటెల్ విడుదల చేసిన 1103 అను చిప్పులో జ్ఞాపకపు గదులు 1,024 మాత్రమే. నేటి 8 జీబీ ముక్కలో సుమారు 6,870 కోట్ల గదులు కలవు. అయితే గదిలోని విద్యుత్తు నిలువదు, కారిపోవుచుండును. అందుచేత డీడీఆర్4 తరమున ప్రతి గదిని 64 మిల్లీసెకండ్ల కొకమారు, అనగా సెకనునకు పదునైదు మారులకు పైగా, తిరిగి నింపుచుండవలెను. యంత్రము ఆపగానే అంతయు తుడిచిపెట్టుకొనిపోవును. అవధాని ధారణకును దీనికిని గల భేదము ఇదియే.

ఇక ముక్కలను పోల్చుటలో చూడవలసినవి మూడు: పరిమాణము, జంట, వేగము. నా యుద్దేశమున వీని ప్రాముఖ్యము కూడ ఈ వరుసలోనే కలదు. అంగటిలో మాత్రము ఈ వరుస తలక్రిందులగును. వేగమును గూర్చిన సంఖ్య డబ్బాపై పెద్ద అక్షరములలో నుండును. జంట మాట ఎవరును ఎత్తరు.

పరిమాణము మొదటిది. 2015లో కంప్యూటరునకు వచ్చిన జీటీఏ 5 అను ఆటకు కనీసము 4 జీబీ, బాగుగా ఆడుటకు 8 జీబీ చాలునని దాని నిర్మాతలే చెప్పిరి. సైబర్‌పంక్ 2077 అను ఆటకు 2023లో సవరించిన లెక్క ప్రకారము కనీసము 12 జీబీ, బాగుగా ఆడుటకు 16 జీబీ కావలెను. ఎనిమిదేండ్లలో కనీసపు అవసరము మూడు రెట్లయినది. కావున 8 జీబీతో కొన్న యంత్రము నేటి పెద్ద ఆటలకు ఇబ్బందిపడుటలో ఆశ్చర్యము లేదు. కాని 16 జీబీ ఉన్న ప్రతి యింటను 32 జీబీ అవసరమనుటయు సరికాదు. ధారణ నిండకముందు పెంచినచో ఫలము శూన్యము. ఖాళీ గాదె పక్కన మరియొక ఖాళీ గాదె కట్టినట్లగును.

నిండినదో లేదో తెలిసికొనుట సులభము. విండోస్ యంత్రములలో టాస్క్ మేనేజరు తెరచి, అందు పెర్ఫార్మెన్స్, పిమ్మట మెమొరీ యను భాగమును చూడవలెను. పిల్లవానికి నచ్చిన ఆటను అరగంట ఆడనిచ్చి, ఆట నడచుచుండగనే చూడవలెను. ఉపయోగము నూటికి తొంబది దాటి నిలిచియున్నచో పరిమాణము చాలదని యర్థము. అరువది, డెబ్బది వద్ద నిలిచినచో జబ్బు వేరొకచోట ఉన్నది. అదే పుటలో ర్యామ్ వేగమును, ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండియున్నవో ఆ లెక్కయు కనబడును. రెండింటిలో ఒకటియే నిండినదని యున్నచో అది మీకు శుభవార్త.

రెండవది జంట. ప్రాసెసరునుండి ర్యామ్‌నకు సాధారణముగా రెండు దారులు కలవు. ముక్క ఒకటియే యున్నచో ఒక దారి వ్యర్థముగా పడియుండును. డీడీఆర్5 తరములో 4800 అని వ్రాసియున్న ముక్క సెకనునకు 38.4 జీబీ సమాచారము నందింపగలదు. 4800ను ఎనిమిదిచే హెచ్చించి వేయిచే భాగించినచో ఈ లెక్క వచ్చును. అట్టి ముక్కలు రెండున్నచో 76.8 జీబీ. ఇప్పుడు పోల్చి చూడుడు. ఒక్క 4800 ముక్కను తీసివేసి ఎక్కువ ధరకు ఒక్క 5600 ముక్కను పెట్టినచో లభించునది 44.8 జీబీ. ఉన్న ముక్క నట్లే యుంచి దానికి జోడైన మరొకదానిని చేర్చినచో 76.8 జీబీ. దారి రెండింతలైనంత మాత్రమున ఆట రెండింతలు వేగముగా నడువదు. అది ప్రాసెసరును, ఆటను బట్టి యుండును. అయినను తక్కువ వ్యయముతో ఎక్కువ మేలు కలుగునది ఇక్కడనే. వేరుగా గ్రాఫిక్స్ చిప్పు లేక ర్యామ్‌నే పంచుకొను యంత్రములలో ఈ మేలు మరింత స్పష్టము.

జోడు ముక్కలు సమానముగ నుండుట మంచిది. 8 జీబీకి 16 జీబీ జతచేసినను యంత్రము పనిచేయును. ఇంటెల్ యంత్రములలో అప్పుడు రెండువైపుల ఎనిమిదేసి జీబీలు జంటగాను, మిగిలిన 8 జీబీలు ఒంటిగాను నడచును. ఇది దోషము కాదు, సర్దుబాటు మాత్రమే.

మూడవది వేగము. ఇందు రెండు సంఖ్యలుండును. మొదటిది 3200, 4800, 5600 వంటిది. రెండవది సీఎల్ అను అక్షరముల పక్కన నుండును. అడిగిన తరువాత బదులు మొదలగుటకు ఎన్ని దెబ్బల కాలము పట్టునో అది తెలుపును. రెండింటిని కలిపి చూడవలెను. డీడీఆర్4 3200, సీఎల్ 22 అయినచో నిరీక్షణ 13.75 నానోసెకండ్లు. డీడీఆర్5 4800, సీఎల్ 40 అయినచో 16.7. డీడీఆర్5 5600, సీఎల్ 46 అయినచో 16.4. అనగా 4800 నుండి 5600కు పోయినప్పుడు ప్రవాహము ఆరవవంతు పెరిగినను, నిరీక్షణ దాదాపు ఉన్నచోటనే యున్నది. పైగా, ప్రాసెసరు 4800 వరకే అంగీకరించునదైనచో 5600 ముక్కయు 4800 వేగముననే నడచును. ఎక్స్‌ఎంపీ అను పేరుతో అమ్ము హెచ్చువేగములను చాల ల్యాప్‌టాపులు గుర్తింపవు. ఎక్కువిచ్చి కొన్న వేగము డబ్బాపైననే మిగిలిపోవును.

వేగముకంటె గమనింపదగిన చిన్న గుర్తు ముక్కపై అతికిన చీటిలో కలదు. ఒక్కొక్కప్పుడు 1ఆర్‌ఎక్స్8 అనియు, ఒక్కొక్కప్పుడు 1ఆర్‌ఎక్స్16 అనియు వ్రాసియుండును. మొదటిదానిలో ఎనిమిది చిప్పులు, రెండవదానిలో నాలుగు. నాలుగు చిప్పుల ముక్కలో లోపలి గదుల సముదాయములు సగమే యుండుటచేత, అదే వేగము, అదే పరిమాణము వ్రాసియున్నను అది కొంత వెనుకబడును. ధర సమానమైనచో ఎనిమిది చిప్పులదానినే కోరవలెను.

ఇవి యన్నియు చూచుటకు ముందే తేల్చుకొనవలసిన విషయమొకటి కలదు. మీ యంత్రమున ముక్క పట్టునా? ల్యాప్‌టాపునకు వాడు డీడీఆర్4 ముక్కకు 260 కాళ్లు, డీడీఆర్5 ముక్కకు 262. నొక్కు ఉండు చోటు వేరు. విద్యుత్తు వేరు, అది 1.2 వోల్టులు, ఇది 1.1. ఒకదాని స్థానమున మరియొకటి పట్టదు. కొన్ని పలుచని యంత్రములలో ర్యామ్ మదర్‌బోర్డునకే అతికి యుండును. వానిపై ఎల్‌పీడీడీఆర్ అని వ్రాసియున్నచో సాధారణముగా పెంచుటకు వీలు లేదని తెలిసికొనవలెను. కావున యంత్రము పేరు, మోడలు సంఖ్య వ్రాసికొని, తయారీదారు ఇచ్చిన వివరములలో ఎన్ని స్లాట్లు, ఏ తరము, గరిష్ఠ మెంత యని చూచినపిమ్మటనే అంగడికి బయలుదేరవలెను.

ర్యామ్ పెంచినను తీరని కొరతలు కూడ కలవు. గ్రాఫిక్స్ చిప్పునకు వేరే జ్ఞాపకము కలదు. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాపు చిప్పునకు అది 8 జీబీ. దానిని పెంచుటకు వీలు లేదు. బొమ్మల నాణ్యతను అతిగా పెంచుటచేత అది నిండినచో, 64 జీబీ ర్యామ్ పెట్టినను లోపము తీరదు. ఆటలోని అమరికను ఒక మెట్టు దించుటయే మందు. అట్లే ఫ్యానులో దుమ్ము పేరుకొని యంత్రము వేడెక్కి నెమ్మదించినచో, కావలసినది శుభ్రపరచుట.

ఇప్పుడు తీర్పు చెప్పవచ్చును. 8 జీబీ ముక్క ఒకటి, ఖాళీ స్లాటు ఒకటి ఉన్న యింట అట్టిదే మరొక 8 జీబీ చేర్చవలెను. అన్నిటిలో లాభసాటి యిదియే. రెండు స్లాట్లలోను ఎనిమిదేసి జీబీలుండి, ఆటతోపాటు వర్చువల్ మెషీన్ల వంటి చదువు పనులకు చోటు చాలనిచో, రెండింటిని తీసి పదునాఱేసి జీబీల జంట పెట్టుట సమంజసము. ఒకే 32 జీబీ ముక్క కొని రెండవ దారిని ఖాళీగా విడుచుట సాధారణముగా మంచి బేరము కాదు. ఉన్న 16 జీబీ నిండనివారు ఏమియు కొనకుండుటయే మేలు.

ఈ చివరి మాటకు నేడు బలము హెచ్చినది. 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు వేగముగా పెరిగినవి. కృత్రిమ మేధకు వాడు మహాకేంద్రములు జ్ఞాపకపు చిప్పులను విశేషముగా కోరుచుండుటచేత, సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అను మూడు పెద్ద తయారీదారులు ఆ వైపునకే మొగ్గు చూపిరి. 2019లో హైదరాబాదులో తన కేంద్రమును తెరచిన మైక్రాన్ సంస్థయే, గృహస్థులకు చిరపరిచితమైన క్రూషియల్ అను తన అమ్మకపు పేరును విరమించుకొనుచున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించినది. ఎక్కడనో పెద్ద యంత్రములు ధారణ పెంచుకొనగా, ఇక్కడ నాదర్‌గుల్ విద్యార్థి ముక్కకు ధర హెచ్చినది. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటరువంటి చోట్ల నాలుగు అంగళ్లు తిరిగి ధర విచారించుట, బిల్లు తీసికొనుట, వారంటీ కాగితమును భద్రపరచుట అందుచేతనే అవసరము. వాడిన ముక్కను కొన్నచో దానిని మీ యంత్రమున పెట్టి, మెమ్‌టెస్ట్86 వంటి పరీక్ష నడిపించి, తప్పులు లేవని చూచిన తరువాతనే నమ్మవలెను.

అమర్చుట కష్టము కాదు. అడుగుమూత విప్పినచో వారంటీకి భంగమగునేమో ముందు తెలిసికొనవలెను. యంత్రమును పూర్తిగా ఆపి, చార్జరు తీసి, మూత విప్పగానే బ్యాటరీ తీగను ఊడదీయవలెను. చేతిలోని స్థిరవిద్యుత్తు పోవుటకు ఒక లోహవస్తువును తాకవలెను. నొక్కును సరిచూచుకొని, ముక్కను ఏటవాలుగా దూర్చి, రెండు ప్రక్కల కొక్కెములు పట్టువరకు మెల్లగా అదుమవలెను. డీడీఆర్5 యంత్రములు మొదటిమారు తెరచినప్పుడు క్రొత్త ముక్కను పరిచయము చేసికొనుటకు కొన్ని నిమిషములు తెర నల్లగానే యుంచవచ్చును. కంగారుపడి ఆపివేయరాదు.

ధారణ మితముగనున్నను దానిని చక్కగా నడుపుకొను అవధాని సభను మెప్పించును. యంత్రము విషయమునను మొదట ఉన్నదానిని కొలిచి చూడుడు. చాలనిచో జంట కలుపుడు. వేగపు సంఖ్యలకు చివర డబ్బు పెట్టుడు.