ఒక్క సూది, ఒక్క ఉచ్చు: లేసు అల్లిక కొత్తగా నేర్చుకునేవారికి

(రేడియో ప్రసంగ పాఠం)



నేను బహ్రెయిన్‌లో, మనామా నగరంలోని అద్లియాలో ఉంటున్నాను. ఎం.సి.ఏ. చదివి ఐటీ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కళ్ళు తెరమీద, వేళ్ళు మీటలమీద. సూదీ దారం విషయంలో నా పాండిత్యమంతా ఊడిన బొత్తాం కుట్టుకోవడంతో సరి. అలాంటి నేను ఈవేళ లేసు అల్లిక గురించి మాట్లాడతానంటే మా అమ్మ నవ్వుతుంది. అయినా ఎందుకు సాహసిస్తున్నానంటే, బాగా పని వచ్చినవాళ్ళకి తాము మొదట్లో ఎక్కడ తడబడ్డారో గుర్తుండదు. నేను నేర్చుకుని ఏడాదే అయింది కనుక నాకింకా గుర్తుంది.

అసలు కథ ఒక బల్లగుడ్డతో మొదలైంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో మాదాపూర్ శిల్పారామంలో ఒక తెల్లటి లేసు గుడ్డ కొన్నాను. 1,400 రూపాయలు చెప్పారు. బేరమాడీ బేరమాడీ 900కి తెచ్చుకుని, ఏదో గెలిచినట్టు ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. ఆ గుడ్డ నాతోబాటే అద్లియా వచ్చింది.

మా పై అంతస్తులో ఒక తెలుగు కుటుంబం ఉంది. వాళ్ళింట్లో పిల్లాణ్ణి చూసుకునే అక్కది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఒకరోజు గిన్నెలో పులుసు తెచ్చి బల్లమీద పెట్టబోతూ ఆగిపోయింది. గుడ్డ అంచు పట్టుకుని తిరగేసి చూసింది.

"ఇది మా వైపు పనండి, అమ్మాయిగారూ. అతుకు బాగానే వేశారు గానండీ, ఈ మూల పువ్వు మాత్రం ఎవరో కొత్తపిల్ల అల్లిందండి. దారం బిగించేసింది."

ఆ గుడ్డ మీద నేను ఎన్నేళ్ళుగానో భోంచేస్తున్నాను. ఒక పువ్వు మిగతా వాటికంటే చిన్నగా ఉందని ఆ రోజుదాకా నాకు తెలియదు.

"మీకు వచ్చా అక్కా ఈ పని?" అన్నాను.

"రాకేమండీ! పెళ్ళికి ముందునుంచీ అదే పని. పొట్ట నింపుతుందనుకున్నాం. నింపకే కదండీ ఇక్కడికొచ్చింది" అంది.

శుక్రవారం మధ్యాహ్నాలు ఆమెకి తీరిక. అలా నా చదువు మొదలైంది.

ముందు అసలు ఈ అల్లిక ఏమిటో చెబుతాను. మనం క్రోషియా అనీ, క్రోషే అనీ అంటాం. ఫ్రెంచి భాషలో ఆ మాటకి చిన్న కొక్కెం అని అర్థం. స్వెట్టర్లు అల్లేవాళ్ళు రెండు సూదులు వాడతారు, సూదిమీద ఒక వరస మొత్తం ఉచ్చులుంటాయి. ఒక్కటి జారితే కంగారే. క్రోషియాలో ఉన్నది ఒకే సూది, దాని కొసకి కొక్కెం. ఒక కుట్టు పూర్తయ్యేసరికి సూదిమీద మిగిలేది ఒకే ఒక్క ఉచ్చు. తప్పు వస్తే సూది తీసి దారం లాగితే చాలు, తప్పు జరిగిన చోటుదాకా గలగలా ఊడి వస్తుంది. దారం పాడవదు. కంప్యూటర్లో చేసిన పని వెనక్కి తీసుకున్నంత తేలిక. కొత్తవాళ్ళకి ఇంతకంటే ధైర్యం ఏం కావాలి?

సామాను సంగతి. నరసాపురం లేసు చూసి మనసు పడి, సన్నటి నూలుదారం, మిల్లీమీటరు మందం ఉక్కు సూది కొనకండి. నేను చేసిన మొదటి తప్పు అదే. మనామా సూక్‌లో దారాలమ్మే దుకాణానికి వెళ్ళి అవే తెచ్చాను. అక్క చూసి, "అ ఆలు రాకుండా ఉత్తరం రాస్తారేంటండీ" అంది. కొత్తవాళ్ళకి మధ్యరకం మందం ఉన్న ఊలుగానీ, లావుపాటి నూలుగానీ కావాలి, 5 మిల్లీమీటర్ల సూది కావాలి. రంగు లేతగా ఉండాలి. నల్లదారంలో కుట్లు కనబడవు. బొచ్చు ఎక్కువున్న దారం ముద్దుగా ఉంటుంది గానీ అందులోనూ కుట్లు కనబడవు, ఊడదీయబోతే చిక్కుపడుతుంది.

ఇక పని. దారం కొసన ఒక జారుముడి వేసి సూదికి ఎక్కించండి. దారాన్ని సూదికి ఒక చుట్టు చుట్టి, కొక్కెంతో పట్టుకుని, ఉన్న ఉచ్చులోంచి ఇవతలికి లాగండి. అది ఒక గొలుసు. మళ్ళీ చుట్టండి, లాగండి. అది రెండోది. సూదిమీద ఉన్న ఉచ్చుని లెక్కలోకి తీసుకోకూడదు. ఇరవయ్యొక్క గొలుసులు వేయండి. ఇప్పుడు సూది పక్కనున్నదాన్ని వదిలేసి, రెండో గొలుసులో సూది గుచ్చి, దారం చుట్టి పైకి లాగితే సూదిమీద రెండు ఉచ్చులుంటాయి. మళ్ళీ దారం చుట్టి రెంటిలోంచీ ఒక్కసారే లాగేయండి. దీనికి నేను పెట్టుకున్న పేరు పొట్టికుట్టు. అలా కొసదాకా వేస్తే ఇరవై కుట్లు వస్తాయి. ఒక గొలుసు వేసి, పనిని వెనక్కి తిప్పి, మళ్ళీ ఇరవై. సూది గుచ్చేముందే దారం ఒకసారి చుట్టుకుని, రెండేసి ఉచ్చుల్లోంచి రెండు విడతల్లో లాగితే అది పొడుగుకుట్టు. ఈ రెండూ, గొలుసూ వస్తే నూటికి తొంభై పనులు అల్లవచ్చు.

పుస్తకాలు చూసి నేర్చుకునేవారికి ఒక హెచ్చరిక. నేను పొట్టికుట్టు అన్నదాన్ని అమెరికావాళ్ళు సింగిల్ క్రోషే అంటారు, ఇంగ్లండువాళ్ళు డబుల్ క్రోషే అంటారు. అమెరికావాళ్ళ డబుల్ ఇంగ్లండులో ట్రెబుల్. అది ఏ దేశపు పుస్తకమో చూసుకోకపోతే దుప్పటి మొదలుపెట్టి తువ్వాలుతో ముగిస్తారు.

నా మొదటి పని చతురస్రం కావాలి. ఏడు వరసలయ్యేసరికి త్రికోణంలోకి దిగింది. లెక్కపెడితే ఇరవై కుట్లు పదమూడయ్యాయి! అక్క ఒక్క చూపులో చెప్పింది: "వరస చివర కన్ను వదిలేస్తున్నారండి. అది పక్కకి వాలి దాక్కుంటుంది, మీరే వెతుక్కోవాలి." కొత్తవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఇదే. మందు తేలిక. ప్రతి వరస మొదటి కుట్టుకి ఒక పిన్నీసు తగిలించండి. తిరిగివచ్చేటప్పుడు అదే మీ ఆఖరి కుట్టు. ప్రతి వరసా అయ్యాక లెక్కపెట్టండి. "కబుర్లు చెప్పుకోండి, పాటలు వినండి, లెక్క మాత్రం వదలకండి" అనేది అక్క.

రెండో పొరపాటు బిగింపు. భయంతో దారాన్ని పీక నొక్కినట్టు పట్టుకుంటాం. ఉచ్చు సూది మెడకి అతుక్కుపోతుంది, మరుసటి వరసలో సూది దూరదు. సూదిమీద ఉచ్చు అటూ ఇటూ జరిగేంత వదులుండాలి. నా బల్లగుడ్డ మూల పువ్వు అల్లిన ఆ తెలియని పిల్ల కష్టం నాకు అప్పుడు అర్థమైంది.

మూడోది గుండ్రటి అల్లిక. పువ్వులకీ టోపీలకీ ఇదే మూలం. పొట్టికుట్టుతో మొదటి చుట్టులో ఆరు కుట్లు, తర్వాత పన్నెండు, పద్ధెనిమిది, ఇరవైనాలుగు, చుట్టుకి ఆరేసి పెరగాలి. ఎందుకు ఆరే? చిన్నప్పటి లెక్కలు గుర్తు తెచ్చుకోండి. వృత్తం వ్యాసార్థం ఒక పాలు పెరిగితే చుట్టుకొలత రెండు పైలు, అంటే సుమారు 6.28 పాళ్ళు పెరుగుతుంది. పొట్టికుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం. అందుకని ఆరు. పొడుగుకుట్టు దానికి రెట్టింపు ఎత్తు కనక పన్నెండు: పన్నెండు, ఇరవైనాలుగు, ముప్ఫైయారు. తక్కువ పెంచితే అల్లిక గిన్నెలా ముడుచుకుంటుంది. ఎక్కువ పెంచితే పావడా కుచ్చిళ్ళలా అలలు తేలుతుంది. ఈ సూత్రం నేను కాగితం మీద గీసి చూపిస్తే అక్క నవ్వి, "ఇంత కతుందాండీ దీనికి? చెయ్యి చెబుతుందండి మాకు" అంది.

ఈ చెయ్యి మా గోదావరి జిల్లాకి ఎలా వచ్చిందంటే, 1844లో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు నరసాపురం ప్రాంతంలో ఈ లేసు పని నేర్పారని చెబుతారు. దాదాపు అదే కాలంలో, 1845లో మొదలైన ఆలుగడ్డల కరువులో, ఐర్లండు ఆడవాళ్ళు కూడా ఇదే అల్లికతో కుటుంబాలను నెట్టుకొచ్చారు. నరసాపురం లేసు క్రమంగా విదేశాలకు ఎగుమతయ్యే సరుకైంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పోటీగా మరలమీద చేసిన లేసు చవగ్గా దొరుకుతోంది. కానీ అసలు క్రోషియాని అచ్చంగా అల్లే యంత్రం ఈ రోజుకీ మిల్లుల్లో వాడుకలో లేదు. మరలేసు చూడ్డానికి పోలి ఉంటుందంతే. చేతిలేసు ఎక్కడ కనిపించినా, దాన్ని ఒక మనిషి కూర్చుని ఒక్కొక్క ఉచ్చే లాగి అల్లినట్టే.

మరి ఆ మనిషికి ఏం దక్కుతోంది? జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజికశాస్త్రవేత్త నరసాపురం లేసు కార్మికుల మీద పరిశోధించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆడవాళ్ళు ఇంటిపనీ వంటపనీ చేసుకుంటూనే రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవారట. అయినా లోకం దృష్టిలో వాళ్ళు గృహిణులే, అది తీరిక వేళ కాలక్షేపమే. కూలి గంటకి కాదు, ముక్కకి. పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది, అమ్మకం మాత్రం మధ్యవాళ్ళది.

ఒక శుక్రవారం అక్కని అడిగాను: "నా బల్లగుడ్డకి ఎన్ని గంటలు పట్టి ఉంటుంది?" ఆమె ఎప్పుడూ అలా లెక్కవేయలేదట. ఇద్దరం కూర్చుని వేశాం. వరసకి పన్నెండు చొప్పున ఎనిమిది వరసలు, 96 పువ్వులు. చెయ్యి తిరిగినవాళ్ళకి పువ్వుకి నలభై నిమిషాలు, అంటే 64 గంటలు. అతుకు, అంచు, ఉతుకు, ఇస్త్రీ కలిపి మరో 16. మొత్తం 80 గంటలు. నేనిచ్చింది 900. గంటకి పదకొండు రూపాయల పావలా! అందులోంచే దారం ఖర్చు, కొట్టు అద్దె, మధ్యవాళ్ళ వాటా పోవాలి.

నేను చేసేది కన్సల్టెంటు ఉద్యోగం. ప్రతి పావుగంటకీ టైమ్‌షీటు రాసి బిల్లు పంపుతాను. గిరాకీదారు ఐదు శాతం తగ్గించమంటే మొహం ముడుచుకుంటాను. అలాంటి నేనే ఆ రోజు శిల్పారామంలో 500 రూపాయలు తగ్గించి గర్వపడ్డాను. దుకాణదారుతో బేరమాడాననుకున్నాను గానీ, ఆ కోత చివరికి ఎవరి చేతుల దాకా వెళుతుందో అప్పుడు ఆలోచించలేదు.

అక్క చెల్లెలు ఊళ్ళో ఇప్పటికీ లేసు అల్లుతోంది. మా అమ్మకి అలాంటిదే ఇంకో గుడ్డ చేయించమని అడిగాను. ధర ఎంతంటే, "మీ ఇష్టమండి" అంది అక్క. అలా కాదు, గంటలు లెక్కవేసి చెప్పమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి, "ఒసేయ్, పొద్దున్న ఎన్నింటికి కూర్చుంటున్నావో, ఎన్నింటికి లేస్తున్నావో రాసిపెట్టు. ఇక్కడ అమ్మాయిగారు అడుగుతున్నారు" అంది. అవతల చెల్లెలు నవ్వడం నాకూ వినిపించింది. ఆ కాగితం పోయిన నెల వాట్సాప్‌లో వచ్చింది. గుడ్డ ఇంకా అల్లుతోంది.

మీరు నేర్చుకోదలిస్తే ఈ వారమే ఒక దారపుండ, 5 మిల్లీమీటర్ల సూది కొనుక్కోండి. ఇరవై కుట్లు, పది వరసలు అల్లండి. పట్టిన సమయం ఒక కాగితం మీద రాసుకోండి. నాకు మొదటిసారి రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది, అదీ త్రికోణానికి! ఈసారి లేసు కొనడానికి వెళ్ళినప్పుడు ఆ కాగితం దగ్గరుంచుకోండి. గుడ్డ తిరగేసి, పువ్వులు లెక్కపెట్టి, ఆ తర్వాత ధర మాట్లాడండి.