గదిలో 50 లీటర్ల సముద్రం.. నడపగలరా?

రెజ్యూమెలో అట్టడుగున ‘హాబీస్’ అని ఓ వరుస ఉంటుంది. క్రికెట్, మ్యూజిక్, మూవీస్ అని రాసి వదిలేస్తాం. ఇంటర్వ్యూ చేసేవాళ్లూ దాన్ని చూసీ చూడనట్టు పేజీ తిప్పేస్తారు. అదే చోట ‘ఇంట్లో చిన్న రీఫ్ ట్యాంకు నడుపుతున్నాను’ అని ఉందనుకోండి. ఏంటది? అని తప్పకుండా అడుగుతారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఇంకా ముఖ్యం. ‘మరి కరెంటు పోతే ఏం చేస్తావ్?’ దీనికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే, మీరు ఒక సిస్టమ్‌ని నిజంగానే నడిపారని ఎదుటివాళ్లకి అర్థమైపోతుంది.

రీఫ్ ట్యాంకు అంటే ఉప్పునీటి అక్వేరియం. గోల్డ్‌ఫిష్ తొట్టిలో గుప్పెడు ఉప్పు వేస్తే అయిపోయేది కాదు. పగడపు దిబ్బ దగ్గర సముద్రం ఎలా ఉంటుందో అదే ఉప్పదనం, అదే వేడి, అదే వెలుతురు, అదే నీటి కదలిక. వీటన్నిటినీ ఓ గాజుపెట్టెలో రోజూ ఒకేలా నిలబెట్టాలి. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు లక్షద్వీప్, అండమాన్ నికోబార్, మన్నార్, కచ్ సింధుశాఖల దగ్గర ఉన్నాయి. మన ఆంధ్రాకి అంత పొడవు తీరం ఉన్నా అలాంటివి లేవు. గోదావరి, కృష్ణా మోసుకొచ్చే మంచినీళ్లూ, ఒండ్రూ పగడాలకి పడవు మరి. ఉప్పదనం కాస్త అటూ ఇటూ అయితే తట్టుకోలేని జీవుల్ని మనం పడగ్గదిలోకి తెచ్చుకుంటున్నామన్న మాట.

చిన్నదైతే సులువా?

అందరూ అలాగే అనుకుంటారు. నిజానికి చిన్నదే కష్టం. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకులో 56 లీటర్లు పడుతుంది. రాళ్లూ ఇసుకా పోను నీళ్లు 50 లీటర్లు అనుకుందాం. 500 లీటర్ల ట్యాంకులో రాయి వెనక ఒక నత్త చచ్చిపోయినా నీళ్లు తట్టుకుంటాయి. 50 లీటర్లలో అదే నత్త ఒక్క రాత్రిలో అమోనియా పెంచేస్తుంది.

ఆవిరి లెక్కే చూడండి. ఎండాకాలంలో ఫ్యాన్ గాలి తగిలే గదిలో రోజుకి లీటరున్నర ఇట్టే పోతుంది. పోయేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది. లీటరుకి 35 గ్రాముల ఉప్పుతో మొదలుపెట్టారు. మూడు రోజులు ఊరెళ్లారు. నీళ్లు 45.5 లీటర్లకి తగ్గాయి, ఉప్పదనం 38.5కి చేరింది. అందుకే రోజూ తగ్గినంత మేర మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. వినడానికి చిన్న విషయమే. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

నీళ్లతోనే మొదలు

హైదరాబాద్‌లో బోరు నీళ్ల టీడీఎస్ కొన్ని ఏరియాల్లో వెయ్యి దాటుతుంది. వంటింట్లో ఆర్వో ఉంది కదా అంటారా? చాలా ఇళ్లలోని ఆర్వోల్లో రుచి కోసం కొంత పచ్చినీళ్లు మళ్లీ కలిపే ఏర్పాటు ఉంటుంది. తాగడానికి మంచిదే, ట్యాంకుకి కాదు. ఆ నీళ్లలో వచ్చే ఫాస్ఫేట్, సిలికేట్ నాచుకి విందు భోజనం. కాస్త రాగి ఉన్నా రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. ఆర్వో తర్వాత డీఐ రెజిన్ ఫిల్టరు ఒకటి తగిలించుకుని, టీడీఎస్ మీటరు సున్నా చూపించే నీళ్లే వాడండి.

ఉప్పు కూడా వంటింటిది పనికిరాదు. అందులో ఉన్నది దాదాపు సోడియం క్లోరైడే. సముద్రపు నీళ్లలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, కార్బొనేట్లు అన్నీ ఓ లెక్క ప్రకారం ఉంటాయి. అందుకే మెరైన్ సాల్ట్ మిక్స్ అని విడిగా అమ్ముతారు. విశాఖ వాళ్లకి బీచ్ దగ్గరే కదా, బిందెతో తెచ్చేసుకుంటే పోలా అనిపిస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లలో డ్రైనేజీ కలుస్తుంది, వానాకాలంలో ఉప్పదనం పడిపోతుంది. అలాంటి నీళ్లని వడకట్టి, శుద్ధి చేసి, పరీక్షించి వాడటం లేబొరేటరీలు చేయగల పని. ఇంట్లో మనకి కుదరదు.

ఉప్పదనం కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కొనండి. దాన్ని ఉత్త నీళ్లతో సున్నాకి సెట్ చేసి వదిలేయకుండా, 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోండి. కొలిచే పరికరాన్ని, అది పనిచేసే చోటే కాలిబ్రేట్ చేయాలని ఇన్‌స్ట్రుమెంటేషన్ క్లాసులో చెప్పింది గుర్తుందా? అదే ఇది.

ఆరు వారాల ఖాళీ ట్యాంకు

నీళ్లు, ఇసుక, రాళ్లు, పంపు అన్నీ పెట్టాక మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు ట్యాంకు ఖాళీగానే ఉండాలి. ఇంట్లోవాళ్లు రోజూ ‘చేపలేవిరా?’ అంటారు, భరించాలి. ఈ టైమ్‌లో కంటికి కనిపించని పని జరుగుతుంటుంది. ఒక రకం బ్యాక్టీరియా అమోనియాని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకి విషం, మూడోది చాలావరకు తట్టుకుంటాయి. ఈ బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడాలంటే వాటికి తిండి కావాలి. అమోనియం క్లోరైడ్ కొలిచి వేసి 2 పీపీఎంకి తెచ్చి, రోజు విడిచి రోజు టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండండి. వేసిన 2 పీపీఎం అమోనియా 24 గంటల్లో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా వచ్చిన రోజు ట్యాంకు సిద్ధమైనట్టు.

‘ఓ చేపని వేసెయ్, దాని వ్యర్థంతోనే సైకిల్ అవుతుంది’ అనే షాపువాళ్లు దొరుకుతారు. ఆ చేప గతి ఏంటో వాళ్లు చెప్పరు.

ఈ ఆరు వారాల రీడింగులని షీట్‌లో రాసి గ్రాఫ్ గీయండి. అమోనియా గీత దిగుతుంటే నైట్రైట్ గీత లేస్తుంది, అది దిగాక నైట్రేట్ లేస్తుంది. మీరు సొంతంగా కొలిచి తెచ్చిన డేటా ఇది. నెట్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న డేటాసెట్ మీద ప్రాజెక్టు చేసినవాళ్లకీ మీకూ తేడా ఇక్కడ తెలుస్తుంది.

ఆ తర్వాత ఇసుక మీద గోధుమరంగు పొర వస్తుంది, ఇంకొన్నాళ్లకి ఆకుపచ్చ నాచు. కంగారుపడి మందులు పోయకండి. కొత్త ట్యాంకులన్నీ ఈ దశ దాటే వస్తాయి.

చెడితే ఎంత చెడాలి?

నాకు ఈ హాబీలో బాగా నచ్చేది ఇదే. రోజూ నీళ్లు పోయలేం కదా, ఆటోమేట్ చేద్దాం అనుకుంటాం. ఓ ఫ్లోట్ స్విచ్, చిన్న పంపు, రిలే, ఈఎస్‌పీ32 బోర్డు. వారాంతంలో అయిపోయే పని. కానీ ఫ్లోట్ స్విచ్‌కి ఉప్పు పట్టి ఇరుక్కుపోతే? పక్కన 10 లీటర్ల మంచినీళ్ల క్యాన్ పెట్టి ఉంటే అదంతా ట్యాంకులోకి వచ్చేస్తుంది, ఉప్పదనం 35 నుంచి 29కి పడిపోతుంది. అదే క్యాన్ 3 లీటర్లదైతే ఎంత పాడైనా 33 దగ్గర ఆగుతుంది. కోడ్ ఒక్క లైను కూడా మార్చలేదు, క్యాన్ సైజు మార్చామంతే. ఆ తర్వాత కోడ్‌లో పరిమితి పెట్టండి. పంపు 60 సెకన్లకి మించి తిరిగితే ఆఫ్ అయిపోయి ఫోన్‌కి మెసేజ్ రావాలి.

హీటరుదీ ఇదే కథ. రిలే అతుక్కుపోతే నీళ్లు ఉడికిపోతాయి. బోర్డుతో 26 డిగ్రీల దగ్గర ఆపినా, హీటరు సొంత థర్మోస్టాట్‌ని 27 దగ్గర ఉంచండి. ఒకటి మొరాయిస్తే రెండోది కాస్తుంది. ఉష్ణోగ్రతకి డీఎస్18బీ20 సెన్సర్ చాలు. దాని స్టీలు తొడుగు ఉప్పునీళ్లలో తుప్పుపడుతుంది కాబట్టి సన్నటి గాజు గొట్టంలో పెట్టి ముంచండి.

ఇక కరెంటు. ఉప్పునీళ్లు విద్యుత్తుని బాగా ప్రవహింపజేస్తాయి. 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడుతుంది.

కరెంటు పోతే ముందు తగ్గేది ఆక్సిజన్. నీళ్లు కదలకపోతే చేపలతో పాటు బ్యాక్టీరియా కూడా చచ్చిపోవడం మొదలవుతుంది. 12 వోల్టుల చిన్న డీసీ పంపు పెట్టుకుంటే వైఫై రూటర్లకి వాడే మినీ యూపీఎస్‌తోనే కొన్ని గంటలు నడుస్తుంది. పంపు ఎన్ని వాట్లో, బ్యాటరీలో ఎన్ని వాట్-అవర్లో చూసి లెక్కేసుకోండి. ఇంటర్వ్యూలో ఆ రెండో ప్రశ్నకి జవాబు ఇదే.

వేసవి మాత్రం గట్టి పరీక్ష. నీళ్ల మీద గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ పొడిగాలిలో బాగా పనిచేసే ఈ చిట్కా, ఉక్కపోతగా ఉండే విశాఖలోనో కాకినాడలోనో అంతగా పనిచేయదు. మే నెలలో గది 38 డిగ్రీలుంటే ఫ్యాన్‌తో ఏమీ కాదు. ఏసీ గానీ చిల్లర్ గానీ లేని గదిలో రీఫ్ ట్యాంకు వద్దనే నా సలహా. చిల్లర్ లేకుండానే నా లెక్కలో ఖర్చు 25 వేల పైమాటే. ఉద్యోగం లేని టైమ్‌లో అప్పు చేసి పెట్టాల్సింది కాదు. కాలేజీలో ఉన్నవాళ్లు నలుగురు కలిసి మినీ ప్రాజెక్టుగా డిపార్ట్‌మెంట్‌ని అడిగి చూడండి. ఏసీ ల్యాబ్‌లో ఓ బల్ల దొరికితే సగం సమస్య తీరినట్టే.

పగడం కొనేముందు..

నీలం లైటు కింద మెరిసే పగడం ముక్క చూస్తే చెయ్యి ఆగదు. ఆపుకోవాలి. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. 2001లోనే వాటిని మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, అంటే పులి ఉన్న జాబితాలో. సముద్ర గుర్రాలు కూడా అందులోనే ఉన్నాయి. ఈ షెడ్యూల్ జీవుల విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 2022 సవరణ ప్రకారం కనీసం 25 వేల జరిమానా. గ్రూప్స్‌కో పీఎస్‌యూకో ప్రిపేర్ అవుతున్నవాళ్లకి కేసు మీద పడటం అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు.

‘ఇంపోర్టెడ్ సార్, ఇబ్బందేం లేదు’ అంటారు. రాతి పగడాలు అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలోనూ ఉన్నాయి, దిగుమతికి పర్మిట్ ఉండాలి. ఆ కాగితం చూపించమనండి. చూపించలేకపోతే బయటికొచ్చేయండి. ‘లైవ్ రాక్’ అని అమ్మేది కూడా చాలాసార్లు దిబ్బల నుంచి తవ్విన పాత పగడపు అస్థిపంజరమే. దాని బదులు సెరామిక్‌తోనో సిమెంటుతోనో చేసిన రాళ్లు వాడొచ్చు, బ్యాక్టీరియా వాటి మీదా పెరుగుతుంది. మష్రూమ్, జోయాంథిడ్ లాంటి మెత్తటి రకాలు రాతి పగడాల కోవలోకి రావు. అయినా ఎక్కణ్నుంచి వచ్చాయో బిల్లు అడగండి. జోయాంథిడ్లలో కొన్నిటికి తీవ్రమైన విషం ఉంటుంది, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.

పగడం లేకుండా రీఫ్ ఏంటి అంటారేమో. మొదటి ఏడాదికి రాళ్లు, సముద్రపు నాచు మొక్కలు, నాలుగు నత్తలు, రెండు హెర్మిట్ పీతలు, హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ జంట చాలు. క్లౌన్‌ఫిష్‌ని మన దేశంలోనే సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలు కృత్రిమంగా పుట్టించి పెంచారు. కాబట్టి సముద్రంలో పట్టినవే కావాలని వెతకనక్కర్లేదు. రెండు పిల్లల్ని కలిపి వేస్తే వాటిలో పెద్దదయ్యేది ఆడచేపగా మారుతుంది. వికీలో చదవడం వేరు, మన ట్యాంకులో చూడటం వేరు.

వారానికోసారి 5 లీటర్ల నీళ్లు తీసి, అంతే కొత్త ఉప్పునీళ్లు పోయాలి. రాతి పగడాలు లేవు కాబట్టి కాల్షియం విడిగా వేయాల్సిన పనిలేదు, ఈ మార్పే సరిపోతుంది. ఏదైనా తేడా వస్తే ఒకేసారి నాలుగు మార్చకండి. ఒక్కటి మార్చి, రాసుకుని, వారం ఆగండి.

ఇది ఎక్కడ పనికొస్తుంది?

ట్యాంకు నడిపినందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కానీ భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల చెరువుల్లో రైతులు రోజూ చూసేవి ఇవే: కరిగిన ఆక్సిజన్, పీహెచ్, అమోనియా, ఉప్పదనం, ఆల్కలినిటీ. చెరువులో సెన్సర్లు పెట్టి ఫోన్‌కి అలర్ట్ పంపే పని చేసే కంపెనీలకి, సెన్సర్‌కి పాచి పడితే రీడింగ్ ఎలా మారుతుందో చేత్తో చూసినవాళ్లు కావాలి. 50 లీటర్లలో మీరు చూసింది అదే కదా.

ఆఫర్ లెటర్ వస్తే?

ఇది మొదలుపెట్టేముందే తేల్చుకోవాల్సిన సంగతి. పుణె నుంచో నోయిడా నుంచో మెయిల్ వస్తుంది, పదిహేను రోజుల్లో చేరాలి. ట్యాంకుని బస్సు ఎక్కించలేం. ఇంట్లో అమ్మో తమ్ముడో చూస్తామంటే, గాజు మీద టేపు అంటించి ‘నీళ్లు ఇక్కడిదాకా’ అని గుర్తుపెట్టండి. రోజువారీ మేతని మాత్రల డబ్బాలో అరలవారీగా పోసివ్వండి, లేదంటే ప్రేమ కొద్దీ ఎక్కువ వేసేస్తారు. ఎవరూ లేకపోతే ఇంకో ట్యాంకు నడిపేవాళ్లకి ఇచ్చేయండి. సముద్రంలో మాత్రం వదలొద్దు. అమెరికాలో అక్వేరియంల నుంచి బయటపడ్డ లయన్‌ఫిష్ ఇప్పుడు కరీబియన్ సముద్రమంతా పాకి అక్కడి చేప పిల్లల్ని తినేస్తోంది. ఇచ్చేటప్పుడు లాగ్‌బుక్, వైరింగ్ బొమ్మ, కోడ్ అన్నీ కలిపి ఇవ్వండి. అప్పుడైతే కొత్త ఉద్యోగంలో మొదటి వారం మీటింగ్ మధ్యలో ‘బ్రో, ఈ రిలే ఎందుకు మోగుతోంది?’ అని ఫోన్ రాదు.