గర్భిణి ప్రాణమునకు విలువ యెంత?

1881వ సంవత్సరమున సూరతు నగరములో విజయలక్ష్మి యను బ్రాహ్మణ వితంతువునకు ఉరిశిక్ష విధింపబడెను. లోకనిందకు వెఱచి తనకు గలిగిన శిశువును జంపెనని నేరము. పై న్యాయస్థానము ఆ దండనమును ద్వీపాంతరవాసముగా మార్చెను. అంతట పూనాలోని యొక పత్రిక స్త్రీజాతి శీలమునే చర్చకు దీసికొనెను. పత్రికల కిది నేటికిని వదలని జాడ్యము. దానికి మండిపడి తారాబాయి శిందే 1882లో మరాఠీలో ‘స్త్రీ పురుష తులన’ను బ్రకటించి, స్త్రీల కంటగట్టు దోషములు పురుషులలో లేవా యని నిలదీసెను.

ఆ 1881వ యేటనే, డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరములో వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. అంతకు పూర్వమే, 1863లో, పూనాలో జ్యోతిరావు ఫూలే దంపతులు శిశుహత్యా నివారణ గృహమును నెలకొల్పి, అట్టి వితంతువులు రహస్యముగా వచ్చి ప్రసవింపవచ్చునని చాటించిరి. శిశువు ప్రాణమును నిజముగా గాపాడినవారు వీరు. ఊరక పాపమని కేకలు వేసినవారు గారు.

1860 నాటి శిక్షాస్మృతిలోని 312వ సెక్షను గర్భస్రావము చేయించినవానిని, చేసికొన్న స్త్రీని గూడ శిక్షార్హులను జేసెను. స్త్రీ ప్రాణమును గాపాడుటకు సద్బుద్ధితో జేసినచో మాత్రము మినహాయింపు. ఆ గర్భమునకు గారకుడైన పురుషుని ప్రస్తావన ఆ సెక్షనులో నెచ్చటను లేదు!

మన ధర్మశాస్త్రములు భ్రూణహత్యను ఘోరపాపముగా నెన్నిన మాట నిజమే. కాని శాస్త్రమును బేర్కొనువారు సుశ్రుతమును గూడ విప్పి చూడవలెను. సజీవమైన గర్భమును శస్త్రముతో గోయరాదని మూఢగర్భ చికిత్సలో నిషేధించిన యా వైద్యుడే, వికారము భరింపరానిదైనప్పుడు గర్భమును బడగొట్టుటయే మేలనియు, గర్భిణికి హాని రానీయరాదనియు విధించెను. శిశు ప్రాణముపై ఆదరము లేక చెప్పిన మాట గాదది. ఇరువురిలో నొకరే దక్కు గడియలో వైద్యుడు చేతులు ముడుచుకొని కూర్చుండరాదని చెప్పిన మాట.

1971లో భారత పార్లమెంటు చేసిన చట్టము కొన్ని హద్దులలో గర్భవిచ్ఛేదమును సమ్మతించెను. 2021లో కొన్ని తరగతుల స్త్రీలకు గడువు 24 వారములకు బెరిగెను. అవివాహితల నీ గడువునుండి వెలివేయరాదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. విజయలక్ష్మికి ఆ కాలమున నిట్టి ద్వారమొక్కటి తెఱచియున్నచో సూరతు కోర్టుకు పని యుండెడిది గాదు.

భ్రూణహత్య పాపమని సభలలో జెప్పి, యింట ఆడశిశువని తెలియగనే వైద్యుని జేతిలో నోట్లు పెట్టు భాగ్యవంతులను గూర్చి యేమందము? లింగనిర్ణయమును నిషేధించు చట్టము 1994లోనే వచ్చినను, 2011 జనాభా లెక్కలలో ఆఱేండ్లలోపు మగపిల్లలు వేయిమందికి ఆడపిల్లలు 920 మందికి లోపుగనే తేలిరి. వీరికి భయము పాపముగాదు, కట్నము.

చిక్కు ప్రశ్న వేఱొకటి గలదు. 2023 అక్టోబరులో, ఇద్దరు బిడ్డల తల్లి యొకతె, మనోవ్యాధిచే బీడితురాలై, 26 వారముల గర్భమును దొలగింప ననుజ్ఞ వేడెను. ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయులైరి; 16వ తేదీన ముగ్గురు న్యాయమూర్తులు నిరాకరించిరి. ప్రసవ వ్యయమును ప్రభుత్వము భరింపవలెననియు, బిడ్డను దత్తత కిచ్చుట తలిదండ్రుల యిష్టమనియు జెప్పిరి. వెలుపల బ్రతుకగల దశకు వచ్చిన శిశువును దలచి న్యాయస్థానము వెనుకాడుటను మేము నిందింపజాలము. అయితే కాన్పు ఖర్చుతో దీరునది కాదు ఋణము. ఆ తల్లి మనోవ్యాధికి మందెవ్వరు, ఎన్నాళ్లిత్తురు?