వాహక తరంగము, దాని దశ

రాత్రివేళ దూరపు స్టేషనును వినుచుండగా గాయకుని కంఠము ఉన్నట్లుండి బొంగురుపోయి, కొన్ని క్షణములలో మరల చక్కబడుట శ్రోతలెల్లరు ఎరిగినదే. సెట్టు చెడినదనుకొని కొందరు మరమ్మతుకు పంపుదురు. చెడినది సెట్టు కాదు. అయినను తప్పంతయు ఆకాశముపై మోపుటయు న్యాయము కాదు.

స్టేషను ధ్వనిని వాహక తరంగముపై ఎక్కించి పంపును. ధ్వని ననుసరించి ఆ తరంగపు ఎత్తు హెచ్చుచు తగ్గుచుండును. సెట్టులోని డయోడు డిటెక్టరు ఆ ఎత్తుల అంచును మాత్రమే గ్రహించి ధ్వనిని వేరుచేయును. చవుకైన, చక్కని ఉపాయము. కాని తరంగము తన ఊపులో ఏ క్షణమున ఎచట నున్నదో, అనగా దాని 'దశ' యేదో, డయోడునకు తెలియదు.

దీనివలని చిక్కును లెక్కతో చూతము. సెకనుకు పది లక్షల కంపనములు గల తరంగపు పొడవు 300 మీటర్లు. రాత్రి అది నేలవెంబడి ఒక దారిని, పైనున్న అయనావరణమున వంగి మరొక దారిని మన ఏరియలును చేరును. రెండవ దారి 30,150 మీటర్లు ఎక్కువనుకొందము. అది నూరు తరంగములును, మరొక సగమును. కావున ఒకటి పైకి లేచునపుడు రెండవది క్రిందికి పోవును. రెండును సమబలములైనచో వాహకము మటుమాయమగును. అయితే ధ్వనిని మోయునవి వాహకమునకు ఇరుప్రక్కల నుండు పార్శ్వ తరంగములు. వాహకముకంటె 5,000 కంపనములు హెచ్చుగా నున్నదానికి ఆ దూరము దాదాపు 101 తరంగములు, తక్కువగా నున్నదానికి 100. అవి రద్దగుటకు మారుగా బలపడును. వాహకము లేని ఆ జంట అంచును డయోడు పట్టుకొన్నచో, అసలు స్వరమునకు బదులు రెట్టింపు కంపనముల స్వరము పుట్టును. పాట చితికినట్లుండుట ఇందువలననే.

1956లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు జాన్ కోస్టాస్ వేరొక పద్ధతిని వివరించెను. ఇందు సెట్టు వాహకమును తానే తయారుచేసి, వచ్చిన తరంగముతో గుణించును. కాని ఆ తరంగపు దశ 60 డిగ్రీలు తప్పినచో ధ్వని సగమగును. 90 డిగ్రీలు తప్పినచో ఏమియు వినబడదు. కోస్టాస్ యుక్తి ఇచటనే యున్నది. ఆయన 90 డిగ్రీల ఎడముతో రెండు శాఖలు పెట్టెను. మొదటిది సరిగా నున్నప్పుడు రెండవది మౌనము వహించును. అందు ధ్వని మొలకెత్తెనా, దశ తప్పినదన్నమాట. రెండు శాఖల ఫలితములను గుణించినచో ఎటు తప్పినదియు తెలియును. సెట్టు తన్ను తాను దిద్దుకొనును.

దశ సరిగా 180 డిగ్రీలు తప్పినను రెండవ శాఖ మౌనముగనే యుండును. పాట వినువారికి దానివలన నష్టము లేదు. తలక్రిందులైన ధ్వనిని చెవి గుర్తింపదు. అంకెల రూపమున వచ్చు వార్తలో మాత్రము సున్నలన్నియు ఒకట్లు, ఒకట్లన్నియు సున్నలు అగును. అందుచే అట్టి వార్తలలో అంకెను దశయందు గాక, ముందరి దశకును ఇప్పటి దశకును గల భేదమునందు ఇమిడ్చి పంపుదురు.