హేవలాక్ వంతెన

హేవలాక్ వంతెన రాజమహేంద్రవరం (రాజమండ్రి), కొవ్వూరు పట్టణాల మధ్య గోదావరి నదిపై గల పాత రైలు వంతెన. దీనిని పాత గోదావరి వంతెన అని కూడా అంటారు. 1900లో ప్రారంభమైన ఈ వంతెనపై 1997లో రైళ్ళ రాకపోకలు నిలిచిపోయినవి. అప్పటినుండి ఖాళీగా ఉన్న ఈ వంతెనను ప్రజలు నడిచే బాటగా, పర్యాటక స్థలంగా మార్చాలనే ఆలోచన కలదు. రైళ్ళు విడిచిన మార్గాన్ని ప్రజల బాటగా మార్చడం అనేక దేశాలలో జరిగినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇటువంటి మార్పుకు ముఖ్యమైన ఉదాహరణ ఈ వంతెనయే.

చరిత్ర

19వ శతాబ్దం చివరిలో మద్రాసు, కలకత్తా నగరాలను తూర్పు తీరం వెంబడి కలుపుతూ రైలు మార్గం వేయబడినది. ఈ మార్గానికి గోదావరి పెద్ద అడ్డంకి. రాజమండ్రి వద్ద నది వెడల్పు రెండు కిలోమీటర్లకు మించి ఉంటుంది. వరదల కాలంలో ప్రవాహం చాలా ఉధృతంగా ఉంటుంది. వంతెన లేని రోజులలో ప్రయాణికులు ఒక ఒడ్డున రైలు దిగి, నదిని పడవలపై దాటి, రెండవ ఒడ్డున మరల రైలు ఎక్కవలసి వచ్చేది.

వంతెన పనులు 1897లో మొదలై 1900లో పూర్తి అయినవి. నిర్మాణానికి ముఖ్య ఇంజనీరు ఎఫ్.టి.జి. వాల్టన్. ఇతడు అంతకు పూర్వం కాశీ వద్ద గంగానదిపై డఫరిన్ వంతెనను నిర్మించినవాడు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్ పేరు ఈ వంతెనకు పెట్టబడినది.

వంతెనకు 56 ఖానాలు ఉన్నవి. ఒక్కొక్క ఖానా పొడవు 150 అడుగులు (సుమారు 45.7 మీటర్లు). మొత్తం వంతెన పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. నది అడుగున ఇసుకలోనికి బావులను దింపి, వాటిపై రాతి స్తంభాలు కట్టి, ఆ స్తంభాలపై ఉక్కు గర్డర్లను అమర్చారు. వంతెనపై ఒకే రైలు మార్గం ఉండేది.

మూసివేత

రాకపోకలు పెరగడంతో 1974లో పైన రోడ్డు, క్రింద రైలు మార్గం గల రెండవ వంతెన ప్రారంభమైనది. 1997లో విల్లు ఆకారపు కాంక్రీటు కమానులు గల మూడవ వంతెన పూర్తి అయినది. దీనితో దాదాపు నూరేళ్ళు పనిచేసిన హేవలాక్ వంతెనకు విశ్రాంతి లభించినది. వంతెనను విడగొట్టి ఇనుమును అమ్మివేయాలా, చారిత్రక కట్టడంగా నిలిపి ఉంచాలా అనే చర్చ ఆ తరువాత చాలాకాలం సాగినది.

రైలు మార్గం బాటగా ఎందుకు పనికివస్తుంది

ఇనుప పట్టాలపై ఇనుప చక్రాలకు పట్టు తక్కువ కాబట్టి రైలు నిటారుగా ఉండే ఎత్తులను ఎక్కలేదు. అందువలన రైలు మార్గాలను చాలా తక్కువ వాలుతో, పెద్ద మలుపులతో నిర్మిస్తారు. గుట్టలు అడ్డు వస్తే తొలిచి, పల్లాలు వస్తే కట్టలు పోసి, వాగులపై వంతెనలు కట్టి మార్గాన్ని దాదాపు సమతలంగా ఉంచుతారు. రైలు కొరకు చేసిన ఈ పని వలన ఆ మార్గం వృద్ధులకు, చక్రాల కుర్చీ వాడేవారికి, సైకిలు తొక్కే పిల్లలకు కూడా అనుకూలంగా ఉంటుంది.

ఇటువంటి మార్గానికి అసలు విలువ అది తెగకుండా ఉండటంలో ఉన్నది. ఒకచోట కట్టను తవ్వివేసినా, ఒక వంతెనను తొలగించినా, మధ్యలో కొంత భూమి ఇతరుల చేతికి పోయినా మిగిలిన భాగం ఎటూ చేరని ముక్క అవుతుంది. అటువంటి మార్గాన్ని తిరిగి సమకూర్చడం క్రొత్త మార్గం వేయడం కంటే కష్టం కావచ్చు.

మార్పిడి విధానం

నేలపై ఉండే రైలు మార్గాన్ని బాటగా మార్చేటప్పుడు సాధారణంగా ఈ క్రింది పనులు చేస్తారు.

* పట్టాలను, స్లీపర్లను తొలగించడం.
* కంకరను పునాదిగా ఉంచి చదును చేసి, రోలరుతో గట్టిపరచడం.
* కాలువలను, తూములను శుభ్రపరచి వాననీరు నిలువకుండా చేయడం.
* పైన తారు, కాంక్రీటు లేదా మెత్తని రాతిపొడి పరచడం. నడిచేవారు, సైకిళ్ళవారు కలిసి వాడే బాటకు సుమారు మూడు మీటర్ల వెడల్పు ఉంచుతారు.
* రోడ్లను దాటేచోట వాహనాలు బాటలోనికి రాకుండా అడ్డుకట్టలు, హెచ్చరిక గుర్తులు పెట్టడం.

వంతెనపై పని ఇంతకంటే భిన్నం. రైలు వంతెనలపై స్లీపర్ల మధ్య ఖాళీలు ఉంటాయి కాబట్టి వాటి స్థానంలో పూర్తిగా మూసిన తలం కావాలి. ఇరువైపులా ఎత్తైన రెయిలింగులు ఉండాలి. రైలు బరువు మోయడానికి కట్టిన వంతెన మనుషుల బరువు సులభంగా మోస్తుందని అనిపించవచ్చు. కాని ఏళ్ళ తరబడి రంగు వేయని ఉక్కు తుప్పుపట్టి పలుచబడుతుంది. కనుక ముందుగా ఒక్కొక్క గర్డరును, రివెట్లను, స్తంభాలను పరీక్షించాలి. భారతదేశపు రోడ్డు వంతెనల నియమావళి ప్రకారం వంతెనపై కాలిబాటకు చదరపు మీటరుకు 400 కిలోల బరువు లెక్కిస్తారు. పట్టణాల వద్ద, పుణ్యక్షేత్రాల వద్ద జనం గుమికూడే అవకాశం ఉన్నచోట దీనిని 500 కిలోలుగా తీసుకుంటారు. ఈ లెక్కన మూడు మీటర్ల వెడల్పు గల బాట ప్రతి మీటరు పొడవుకు 1,500 కిలోలు మోయవలసి ఉంటుంది.

ఇతర దేశాలలో

ఇంగ్లాండులో బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య మూతపడిన రైలు మార్గాన్ని 1979-86 మధ్య స్వచ్ఛంద కార్యకర్తల కృషితో సైకిలు బాటగా మార్చారు. అమెరికాలో 1983లో చేసిన చట్ట సవరణ ప్రకారం రైల్వే సంస్థ వదలివేయదలచిన మార్గాన్ని ముక్కలు కాకుండా బాటగా ఉపయోగించవచ్చును. భవిష్యత్తులో అవసరమైతే తిరిగి రైలు వేసుకొనే హక్కు మిగిలి ఉంటుంది. సింగపూరులో మలేషియా రైల్వే వాడిన 24 కిలోమీటర్ల మార్గం 2011లో ఖాళీ కాగా దానిని ప్రజల బాటగా మార్చే పనులు చేపట్టారు.

హేవలాక్ వంతెనతో ఎక్కువగా పోల్చదగినది అమెరికాలో హడ్సన్ నదిపై గల పొకీప్సీ వంతెన. 1889లో ప్రారంభమైన ఈ రైలు వంతెన 1974లో అగ్నిప్రమాదం తరువాత మూతపడినది. దీనిని కాపాడుటకు 1992లో స్థానికులు ఒక సంస్థగా ఏర్పడినారు. కాంక్రీటు పలకలు పరచి 2009లో దీనిని నడక వంతెనగా తెరిచారు. రెండు కిలోమీటర్లకు మించిన పొడవు గల ఈ వంతెన 35 ఏళ్ళు వృథాగా ఉన్నప్పటికీ గర్డర్లు నిలిచి ఉండటం వలననే ఈ మార్పు సాధ్యమైనది.

తెలుగు ప్రాంతాలలో ఇతర మార్గాలు

తెలుగు ప్రాంతాలలో విడిచిన రైలు మార్గాలు అరుదు. తెలంగాణలో నిజాం కాలంలో 1880వ దశకంలో కాజీపేట, వరంగల్ మీదుగా విజయవాడ వైపు వేసిన మార్గం నేటికీ ముఖ్యమైన రైలు మార్గమే. మీటరు గేజి మార్గాలను 1992 తరువాత బ్రాడ్ గేజిగా మార్చినప్పుడు చాలావరకు పాత కట్టలపైననే క్రొత్త పట్టాలు వేశారు. కొండ ప్రాంతాలలో మాత్రం కొన్నిచోట్ల మార్గాన్ని మళ్ళించవలసి వచ్చినది. నల్లమల అడవులలో గుంటూరు - గుంతకల్లు మార్గంపై 1880వ దశకంలో కట్టిన దొరబావి వంతెన ఇలాగే వాడుకలో లేకుండా పోయినది. దాని గర్డర్లను తొలగించడం వలన రాతి స్తంభాలు మాత్రమే మిగిలినవి.

కాకినాడ - కోటిపల్లి మార్గం కథ దీనికి భిన్నమైనది. 1928లో ప్రారంభమైన ఈ మార్గపు పట్టాలను రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో 1940లో తొలగించారు. ఆ తరువాత 2004లో ఇదే మార్గంలో మరల రైలు నడిచినది. మార్గం నిలిచి ఉంటే ఆరు దశాబ్దాల తరువాత కూడా దానిని ఉపయోగించుకొనవచ్చునని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

అఖండ గోదావరి ప్రాజెక్టు

2025 జూన్ 26న రాజమహేంద్రవరంలో అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకు కేంద్ర పర్యాటక మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్, ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ శంకుస్థాపన చేశారు. 94.44 కోట్ల రూపాయల ఈ ప్రాజెక్టులో హేవలాక్ వంతెన, పుష్కర ఘాట్, కడియం నర్సరీలు మొదలైన వాటి అభివృద్ధి చేర్చబడినది. 2027లో రానున్న గోదావరి పుష్కరాల దృష్ట్యా దీనికి ప్రాధాన్యత కలదు.

జనసమ్మర్దం, భద్రత

2015 పుష్కరాల మొదటి రోజున, జూలై 14న, రాజమండ్రి పుష్కర ఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాటలో పాతిక మందికి పైగా మరణించారు. ఆ నగరపు నది ఒడ్డుననే ఉన్న ఈ వంతెనను బాటగా మార్చేటప్పుడు ఈ అనుభవాన్ని గుర్తుంచుకొనవలసి ఉన్నది. ఒకే రైలు మార్గం కొరకు కట్టినందున వంతెన వెడల్పు తక్కువ. ఒక కొన నుండి మరొక కొనకు నడచుటకు అరగంటకు పైగా పడుతుంది. మధ్యలో దిగిపోవుటకు దారి లేదు. కావున ఒకేసారి పైకి అనుమతించే జనసంఖ్యకు పరిమితి, వచ్చేవారికి పోయేవారికి వేరువేరు వరుసలు, ఎండకు నీడ, త్రాగునీరు, అత్యవసర సమయాలలో వాహనం వెళ్ళే ఏర్పాటు అవసరమవుతాయి. పండుగ రోజులలో సైకిళ్ళను ఆపివేయడం కూడా ఆలోచించదగినది.