అన్నం ముద్దలో అలర్జీ మందు

జపాన్‌లో చలి తగ్గే వేళకు సుగి అనే చెట్ల పుప్పొడి పసుపు పొగలా కొండల మీంచి ఊళ్లలోకి దిగుతుంది. ఆగని తుమ్ములు, కారే ముక్కు, కళ్ల దురద. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలప కోసం కొండల నిండా ఈ చెట్లే నాటారు. అవి ఎదిగి పూతకొచ్చాక బాధ దేశమంతా పాకింది. 2019 సర్వేలో నూటికి సుమారు 39 మందికి ఈ అలర్జీ ఉన్నట్టు తేలింది.

నిజానికి పుప్పొడి విషం కాదు. మన రోగనిరోధక వ్యవస్థే దాన్ని శత్రువుగా పొరబడి ఐజీఈ యాంటీబాడీలను సిద్ధం చేసుకుంటుంది. మళ్లీ పుప్పొడి తగలగానే కణాలు తుమ్ములు, దురద తెప్పించే హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. మనం వేసుకునే మాత్ర హిస్టమిన్‌ను అడ్డుకుంటుందే గానీ ఆ పొరపాటును దిద్దదు. దిద్దే దారిని 1911లో లండన్‌లో వైద్యుడు లియొనార్డ్ నూన్ చూపాడు. గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. ఈ చికిత్స నేటికీ ఉంది. కానీ ఏళ్ల తరబడి సాగాలి, ఒక్కోసారి మందే అలర్జీ తెప్పిస్తుంది.

ఇంజెక్షన్‌కు బదులు తిండి దారీ ఉంది. తిండిగా వచ్చినదాన్ని ఓర్చుకోవడం పేగుకు అలవాటు. లేకపోతే రోజూ తినే పప్పు, పెరుగు కూడా మనకు పడేవి కావు. జపాన్‌లోని త్సుకుబాలో శాస్త్రవేత్త ఫుమియో తకైవా బృందం ఈ గుణాన్నే నమ్ముకుంది. సుగి పుప్పొడి ప్రోటీన్లలో ఐజీఈ పట్టుకోలేనివి, రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు మాత్రం గుర్తుపట్టేవి అయిన చిన్న ముక్కలను ఎంచి, వాటి జన్యువును వరిలో చేర్చింది. బియ్యపు గింజలో పిండి రేణువుల నడుమ కంటికి కనిపించని ప్రోటీన్ మూటలుంటాయి. ఆ మూటల్లో దాగిన ముక్కలను జీర్ణరసాలు అంత తేలిగ్గా అరిగించలేవు. అవి పేగు దాకా చేరి, ‘ఇది శత్రువు కాదు’ అన్న పాఠం చెబుతాయి. ఈ తరహా బియ్యం తిన్న ఎలుకలకు తుమ్ములు తగ్గాయని 2005లో ప్రకటించారు.

అయితే ఇది అన్నమా, మందా? జపాన్ ఆరోగ్య శాఖ మందుగానే లెక్కగట్టింది. అది సరైన నిర్ణయం. రోగాన్ని మార్చే పదార్థానికి మోతాదు, పరీక్ష, వైద్యుడి పర్యవేక్షణ తప్పవు. మనుషుల మీద చిన్న పరీక్షలు జరిగినా ఈ బియ్యం ఇంకా మందుగా అంగట్లోకి రాలేదు.

మన పొలం గట్ల మీది వయ్యారిభామ పుప్పొడితో బాధపడేవారికి సుగి బియ్యం పనికిరాదు. ఏ పుప్పొడికి ఆ ముక్కలే కావాలి. ‘తింటే అలవాటవుతుంది’ అని ఎవరో చెప్పారని సొంతంగా పుప్పొడి తినకండి, ప్రాణం మీదికి రావచ్చు. ముందు చర్మ పరీక్షతో మీకు ఏది పడదో తేల్చుకోండి. చికిత్స అక్కడే మొదలవుతుంది.